విశాఖ నుంచి భీమిలికి ఒక్క పూట: దీపస్తంభం, జాలరి పల్లెలు, నలభై మందితో బస్సు ప్రయాణం

బస్సు తలుపు ఎడమవైపు ఉంటుంది. విశాఖ నుంచి భీమిలికి ఒక బృందాన్ని తీసుకెళ్లేటప్పుడు ప్లాన్ మొత్తం ఈ ఒక్క సంగతి చుట్టూ వేసుకోవాలి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. దారిలో ఏ పల్లె దగ్గర ఆపినా అందరూ కొండల వైపు దిగి, బీచ్ రోడ్డు దాటి ఒడ్డుకు వెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం ఎడమవైపుకు వస్తుంది. తలుపు తీస్తే ఒడ్డే.

నేను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఇది తట్టలేదు. వెళ్లేటప్పుడే ఒక్కో చోటా ఆపుకుంటూ పోయాం. మూడో చోట అందరూ రోడ్డు దాటుతుంటే ఒక పిల్లాడి చెప్పు రోడ్డు మధ్యలో ఊడిపోయింది. వాడు దానికోసం వెనక్కి పరుగెత్తాడు. ఎదురుగా వస్తున్న బైకు అతను గట్టిగా బ్రేకు కొట్టి ఆపగలిగాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి నా పద్ధతి ఒకటే. వెళ్లేటప్పుడు ఎక్కడా ఆగకుండా తిన్నగా భీమిలి. చూడాల్సినవన్నీ అక్కడి నుంచి వెనక్కి వస్తూ.

కాలనీ సంఘాలు, రిటైరైన ఉద్యోగులు, పెళ్లికని వచ్చి ఒకరోజు ఉండిపోయిన బంధువులు, పాత క్లాస్‌మేట్లు, ఇలాంటి బృందాలను నడిపించాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దూరం 30 కిలోమీటర్ల లోపే. తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు.

ఏ పూట, ఏ నెల

పొద్దున్నే వెళ్లండి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. సాయంత్రం వెళ్తే సూర్యుడు కొండల వెనక్కి దిగిపోతాడు, సముద్రం మీద చూడటానికి అస్తమయం ఉండదు. అంతకన్నా పెద్ద కారణం పడవలు. చీకటితో వేటకు వెళ్లిన పడవలు పొద్దెక్కేలోపు ఒడ్డుకు చేరుతుంటాయి. మధ్యాహ్నానికి ఒడ్డు ఖాళీ అయిపోయి, వలలు మాత్రం ఎండుతూ ఉంటాయి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు చాలా హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో పెట్టుకుంటే వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తూ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది విశాఖ దగ్గరే. ఆ రోజును చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. వాయుగుండం వార్త వస్తే అడ్వాన్సు పోయినా ప్రయాణం వాయిదా వేసేయండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలను ఆపేస్తారు. ఆ రోజుల్లో వెళ్తే పడవలు ఒడ్డున వరసగా నిలిపి ఉంటాయి, వలల మరమ్మతు కనిపిస్తుంది, చేపల సందడి మాత్రం ఉండదు. వేసవి సెలవులకు వచ్చిన పిల్లలను తీసుకెళ్తుంటే ఈ సంగతి ముందే చెప్పండి. లేకపోతే చేపలేవని అడుగుతూనే ఉంటారు.

ఆదివారం కన్నా శనివారం నయం. కార్తీక మాసం ఆదివారాల్లో పిక్నిక్ జనంతో బీచ్ రోడ్డు కిక్కిరిసిపోతుంది.

ఏం వదిలేయాలి

అందరికీ చిక్కొచ్చేది ఇక్కడే. కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, తొట్లకొండ, బావికొండ, రుషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి... అన్నీ ఒకే రోడ్డు మీదో దాని పక్కనో ఉన్నాయి కదా, అన్నీ చూపించేద్దాం అనిపిస్తుంది. నలభై మంది దిగడానికి కనీసం ఏడెనిమిది నిమిషాలు, ఎక్కడానికి పది నిమిషాలు పడుతుంది. ఎనిమిది చోట్ల ఆపితే రెండు గంటలకు పైగా బస్సు మెట్ల దగ్గరే గడిచిపోతుంది. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు మిగులుతాయి.

ఒక్క పూటకు నాలుగు చాలు. భీమిలి ఒడ్డు, దీపస్తంభం కలిపి ఒకటి. డచ్చివాళ్ల సమాధులు రెండోది. ఎర్రమట్టి దిబ్బలు మూడోది. మంగమారిపేట జాలరి పల్లె నాలుగోది. రుషికొండ దగ్గర ఆపేది కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి మాత్రమే.

తొట్లకొండను వదిలేయడం నాకూ కష్టంగానే ఉంటుంది. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం అది. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా దొరికాయి. అక్కడ భిక్షువులు ఉన్న కాలంలోనే ఈ సముద్రం మీద దూరదేశాల వర్తకం సాగిందని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ దానికి తీరిగ్గా రెండు గంటలు కావాలి, నీడ తక్కువ. కొండ కిందుగా వెళ్లేటప్పుడు బస్సులోంచి చూపించి కథ చెప్పండి. ఇష్టపడ్డవాళ్లు మరో రోజు వాళ్లంతట వాళ్లే వస్తారు.

బస్సు మాట్లాడుకోవడం

ఆర్టీసీ కూడా అద్దెకు బస్సులిస్తుంది, ప్రైవేటు బస్సులూ దొరుకుతాయి. ఎవరిదైనా ముందే కాగితం మీద రాయించుకోవాల్సినవి ఇవి: కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు, బస్సు షెడ్డు నుంచి బయల్దేరినప్పటి నుంచి లెక్కా లేక మనం ఎక్కినప్పటి నుంచా, గంటలు దాటితే ఎంత, డ్రైవర్ బత్తా ఎవరిది, పార్కింగ్ ఎవరిది. ప్రయాణం చివర్లో వచ్చే గొడవలన్నీ ఈ ఐదింటి దగ్గరే పుడతాయి.

బస్సును స్వయంగా వెళ్లి చూడండి. మొదటి మెట్టు ఎంత ఎత్తుందో చూడండి. అరవై దాటినవాళ్లు ఎక్కువ ఉంటే ఒక చిన్న స్టూలు పట్టుకెళ్లండి. అది చేసే మేలు ఏసీ కూడా చేయదు. మైకు పనిచేస్తుందో లేదో మీ నోటితోనే మాట్లాడి చూడండి. అద్దాలు శుభ్రంగా ఉన్నాయా, మందపు నల్ల ఫిల్మ్ ఏమైనా వేశారా అని కూడా చూసుకోండి. సముద్రం చూడ్డానికి వెళ్తూ అద్దంలోంచి ఏమీ కనిపించకపోతే అందరికీ ఉసూరుమంటుంది.

నలభై సీట్ల బస్సుకు ముప్పై ఆరు మందినే తీసుకోండి. కడుపులో తిప్పేవాళ్లను ముందుకు మార్చడానికి, మందుల సంచి, నీళ్ల డబ్బా పెట్టుకోవడానికి ఆ నాలుగు సీట్లూ పనికొస్తాయి. డబ్బులు వారం ముందే ఫోన్‌పేలో వేయించుకోండి. బస్సు ఎక్కాక వసూలు మొదలుపెడితే సూర్యోదయం అయిపోయేదాకా చిల్లర లెక్కలే.

వారం ముందు ఒకసారి వెళ్లి రండి

ప్రయాణం శనివారమైతే ముందు శనివారం అదే వేళకు స్కూటర్ మీద వెళ్లండి. నాలుగు పనులున్నాయి.

దీపస్తంభం దగ్గరకు వెళ్లి లోపలికి అనుమతి ఉందా, ఉంటే ఏ వేళల్లో అని అడగండి. మన దేశంలో దీపస్తంభాలను కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ చూసుకుంటుంది. చాలాచోట్ల సందర్శకులకు వేళలు వేరుగా ఉంటాయి, మధ్యాహ్నం మాత్రమే తీసేవి కూడా ఉన్నాయి. తలుపు తీస్తారనే నమ్మకంతో ప్రోగ్రాం వేయకండి. బయట నిలబడి చూడటానికే వెళ్తున్నామని అందరికీ చెప్పండి. తలుపు తీస్తే అదృష్టం.

రెండో పని టిఫిన్. భీమిలిలో ఒక హోటల్ వాళ్లతో మాట్లాడి ఇన్ని ఇడ్లీ ప్లేట్లు, ఇన్ని పూరీలని చెప్పి, కొంత అడ్వాన్సు ఇచ్చి రండి. ఆ హోటల్లో టాయిలెట్ ఎలా ఉందో ఆడవాళ్లు ఎవరైనా చూసి ఒప్పుకున్నాకే ఖాయం చేసుకోండి. ఈ ఒక్క విషయంలో మగవాళ్ల తీర్పు పనికిరాదు.

మూడోది బస్సు తిప్పుకునే జాగా. భీమిలి లోపలి వీధులు పాతకాలం నాటివి, ఇరుకు. ఆటో వెళ్లిన ప్రతి సందులోకీ బస్సు వెళ్లదు.

నాలుగోది పల్లె. మంగమారిపేటలో ఒడ్డున ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడండి. "వచ్చే శనివారం ముప్పై ఆరు మందిమి వస్తాం బాబాయ్, ఒక గంట ఒడ్డున ఉంటాం, మీ పనికి అడ్డం లేకుండా చూసుకుంటాం" అని చెప్పండి. అడగకుండా ముప్పై ఆరు మంది ఒకరి వాకిట్లోకి వెళ్లి ఫొటోలు తీయడం ఏ ఊళ్లోనూ మర్యాద కాదు. పడవలు ఎన్నింటికి వస్తున్నాయో కూడా వాళ్లే చెబుతారు. అది నెలనెలకూ మారుతుంటుంది, గాలిని బట్టి మారుతుంటుంది.

బయల్దేరే రోజు

శీతాకాలానికి నేను వేసుకునే వేళలు ఇవి.

5:00 ఆర్కే బీచ్ దగ్గర అందరూ చేరడం
5:15 బయల్దేరడం
6:10 భీమిలి ఒడ్డు, సూర్యోదయం, దీపస్తంభం
7:15 డచ్చివాళ్ల సమాధులు
7:40 టిఫిన్
8:40 ఎర్రమట్టి దిబ్బలు
9:30 మంగమారిపేట
10:45 రుషికొండ, ఇరవై నిమిషాలు
11:30 తిరిగి ఆర్కే బీచ్

వేసవిలో సూర్యుడు దాదాపు గంట ముందే లేస్తాడు కాబట్టి అన్నీ ముందుకు జరపాలి. అందరికీ చెప్పే టైం మాత్రం 4:45. కారణం వివరించనవసరం లేదు.

ఎక్కగానే ప్రతి ఒక్కరికీ ఒక జోడీ చెప్పండి. బస్సు కదిలే ముందు "మీ జోడీ పక్కన ఉన్నారా?" అని అడిగితే చాలు. తలలు లెక్కపెట్టడం కన్నా ఇది నమ్మకమైన పద్ధతి. లెక్కపెట్టేటప్పుడు ఎవరో ఒకరు సీటు మారుతూనే ఉంటారు. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చున్నవాళ్లు తిరుగు ప్రయాణంలోనూ కుడివైపే కూర్చోవాలి. అప్పుడు ఎడమవైపు వాళ్లకు సముద్రం వస్తుంది. ఈ మాట బయల్దేరేటప్పుడే చెప్పండి, అలకలు రావు.

మైకు చేతిలో ఉంది కదా అని దారి పొడవునా మాట్లాడకండి. చీకట్లో బయల్దేరతాం, సగం మంది నిద్రమత్తులో ఉంటారు. మంగమారిపేట దాటాక మూడు నిమిషాలు మాట్లాడండి: ఎక్కడికి వెళ్తున్నాం, నీళ్లలోకి ఎంతవరకు దిగొచ్చు, ఎన్నింటికి బస్సు దగ్గరకు రావాలి. మిగతాదంతా దిగాక.

నీళ్ల సంగతి గట్టిగానే చెప్పాలి. విశాఖ తీరంలో ఒడ్డు చాలాచోట్ల నిటారుగా దిగిపోతుంది. వెనక్కి వెళ్లే నీరు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఏటా ఈ తీరంలో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. భీమిలి దగ్గర లోతు తక్కువని అందరూ అంటారు, అయినా నా నియమం మారదు. పాదాలు తడవాలి, మోకాళ్లు తడవకూడదు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు వద్దు. ఒడ్డున ఎప్పుడూ ఇద్దరు మనవాళ్లు సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉండాలి. ఆ ఇద్దరి పేర్లు బస్సులోనే చెప్పండి.

భీమిలి ఒడ్డున

దిగగానే ముందు సూర్యోదయం. ఏమీ మాట్లాడకండి. పది నిమిషాలు అందరినీ వాళ్ల మానాన వదిలేయండి.

తర్వాత నది దగ్గరకు నడిపించండి. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర నుంచి వచ్చిన నీరు ఇది. అరకు వెళ్లొచ్చిన వాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు. "బొర్రాలో మీరు చూసిన ఏరే ఇక్కడికి వచ్చింది" అని చెప్పి చూడండి. వాళ్ల ముఖంలో ఆ రెండు చోట్లూ ఒక్కటయ్యే క్షణం కనిపిస్తుంది. నాకు ఈ ప్రయాణంలో బాగా ఇష్టమైన నిమిషాల్లో అదొకటి.

ఊరి కథ రెండు మాటల్లో చాలు. భీముడి పేరు మీద భీమునిపట్నం, కొండమీద నరసింహస్వామి గుడి. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు వచ్చి స్థిరపడ్డారు, 1825లో ఇది ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఒకటి. ఓడలు ఆగిన రేవు కాబట్టే దీపస్తంభం అవసరమైంది.

దీపస్తంభం దగ్గర ఏం చెప్పాలి

చాలామంది గైడ్లు ఇక్కడ కట్టిన సంవత్సరం, ఎత్తు చెప్పి ముగిస్తారు. వినేవాళ్లు తల ఊపి ఫొటో తీసుకుంటారు. ఆ తెల్లటి కట్టడం ఏం పని చేస్తుందో వాళ్లకు తెలియకుండానే బస్సెక్కేస్తారు. ఇరవై నిమిషాలు కేటాయించండి, తగినంత ఫలితం ఉంటుంది.

మొదట ఇలా చేయించండి. అందరినీ తడి ఇసుక దగ్గర కూర్చోబెట్టి, సముద్రం అంచున దూరంగా ఉన్న ఒక పడవను చూడమనండి. తర్వాత లేచి నిలబడి అదే పడవను చూడమనండి. దూరం సరిగ్గా కుదిరితే కూర్చున్నప్పుడు కనబడని పడవ అడుగు నిలబడగానే కనిపిస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కన్ను ఎంత పైకి వెళ్తే అంత దూరం కనిపిస్తుంది. లెక్క కూడా తేలికే. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే సముద్రపు అంచు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషికి సుమారు 4.5 కిలోమీటర్లు. 20 మీటర్ల ఎత్తున ఉన్నవాళ్లకు 16. 100 మీటర్ల ఎత్తుకు దాదాపు 36. విశాఖలో దీపాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఎందుకు పెట్టారో ఇక ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. మనవాళ్లలో లెక్కల మాస్టారు ఎవరైనా ఉంటే ఈ భాగం ఆయనకే అప్పగించండి. ఆయన సంతోషాన్ని చూడటానికే నేను రెండుసార్లు అలా చేశాను.

తర్వాత వెలుగు సంగతి. ప్రతి దీపస్తంభానికీ వెలిగి ఆరే వరస వేరుగా ఉంటుంది. ఇన్ని సెకన్లకు ఒకసారి, లేదా వరసగా రెండుసార్లు వెలిగి కాసేపు ఆగడం, ఇలా. ఓడమీది వాళ్లు ఆ సెకన్లు లెక్కపెట్టి, తమ దగ్గరున్న పుస్తకంలో చూసి అది ఏ తీరమో గుర్తుపడతారు. ఫోన్‌లో టార్చ్ ఆన్ చేసి ఇద్దరితో రెండు రకాల వరసలు చేయించండి. ఒక్కో వరసకు ఒక ఊరి పేరు పెట్టి, మిగతావాళ్లను కళ్లు మూసుకుని తెరిచి ఇది ఏ ఊరో చెప్పమనండి. పిల్లలు దీన్ని వదలరు.

"పగలు దీపం వెలగదు కదా, మరి పగలు ఇది ఎందుకు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తుంటాను. పగలు స్తంభం రంగే గుర్తు. ఒకటి మొత్తం తెలుపు, ఒకటి నలుపు తెలుపు పట్టీలు, ఇంకోటి ఎరుపు పట్టీలు. అందుకే తీరంలో పక్కపక్క దీపస్తంభాలకు ఒకేలా రంగు వేయరు.

మన జాలర్లు మాత్రం దీపస్తంభాలు రాకముందు నుంచే కొండలతో ఈ పని చేసుకుంటున్నారు. ఒడ్డున ఉన్న రెండు గుర్తులు, ఒక కొండ శిఖరం, ఒక గుడి గోపురం లేదా తాటిచెట్ల గుంపు, సముద్రంలోంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవను నిలుపుతారు. మరో దిక్కున ఇంకో రెండు గుర్తులు కలిస్తే చేపల చోటు దొరికినట్టే. ఇప్పుడు జీపీఎస్ వచ్చింది. అయినా ఈ కొండల లెక్క ఇంకా పెద్దవాళ్ల నోట వినిపిస్తుంది. ఇది ఇక్కడ చెప్పి ఉంచండి, మంగమారిపేటలో పనికొస్తుంది.

లోపలికి పంపిస్తే ఎనిమిది మంది చొప్పున వెళ్లండి. గుండ్రటి మెట్లు, చివర్లో నిచ్చెన ఉండొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు కిందే ఉండటం మేలు. చీర కుచ్చిళ్లు, చున్నీలు సర్దుకోమనండి. పైన గాలికి టోపీలు, కళ్లద్దాలు జాగ్రత్త.

సమాధులు, టిఫిన్

డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఇరవై నిమిషాలు. 17వ శతాబ్దం నాటి రాళ్లు ఉన్నాయి. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోయాయి. వేలితో తడిమి చదవాలనిపిస్తుంది కానీ తాకకండి, అరిగిన రాయి ఇంకా పాడవుతుంది. ఎక్కడో హాలెండు నుంచి నెలల తరబడి ఓడలో వచ్చి, ఈ ఎండకీ జ్వరాలకీ ఇక్కడే ఒరిగిపోయినవాళ్లు. సమాధుల మీద కూర్చోవడం, ఎక్కి ఫొటోలు దిగడం వద్దని మెత్తగా చెప్పండి.

టిఫిన్‌కు నలభై ఐదు నిమిషాలు. ముందుగా పెద్దవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు పెట్టించండి. టీలు ఒకేసారి చెప్పండి.

ఎర్రమట్టి దిబ్బలు

ఇక్కడ దిగే చోటు డ్రైవర్‌తో ముందే చూసుకుని ఉండాలి, రోడ్డు మలుపుల్లో ఆపనివ్వకండి. దిబ్బల లోపలికి ఎక్కువ దూరం తీసుకెళ్లనవసరం లేదు, నలభై నిమిషాలు చాలు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులో, శ్రీలంకలో తప్ప దక్షిణాసియాలో మరెక్కడా ఇలా కనిపించవు.

ఇవి ఎలా వచ్చాయో చెబితే అందరూ ఆశ్చర్యపోతారు. వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా చాలా దూరంగా, చాలా కిందికి ఉండేది. నీరు వెనక్కి తగ్గిన చోట బయటపడ్డ ఇసుకను గాలి ఇక్కడికి మోసుకొచ్చి పోసింది. ఇసుకలో ఉన్న ఇనుము గాలికీ తేమకీ తుప్పుపట్టి ప్రతి రేణువుకూ ఎర్రటి పూత వేసింది. తర్వాత వానలు వాటిని కోసుకుంటూ ఈ లోయలు చేశాయి. గుప్పెడు ఇసుక అరచేతిలో పోసుకుని, కాస్త నీళ్లు పోసి రుద్ది చూడమనండి. వేళ్లకు ఎరుపు అంటుకుంటుంది. ఆ ఎరుపు పూతే ఇందాక చెప్పినది.

గట్ల మీదకు ఎక్కనివ్వకండి. ఒక్క మనిషి ఎక్కిన జాడలో వచ్చే వానకు నీరు కాలువ కడుతుంది. ఇసుక ఇంటికి తీసుకెళ్లడం కూడా వద్దు, మన చేతిలో రుద్దినదాన్ని అక్కడే వదిలేయాలి.

మంగమారిపేట

గంట సేపు. ఈ ప్రయాణం అసలు దీనికోసమే అని నేను అనుకుంటాను. దిగే ముందు బస్సులో నాలుగు మాటలు చెప్పండి. వల మీద కాలు వేయకూడదు. ఎండబెట్టిన చేపల మధ్యలోంచి నడవకూడదు. పడవలను పసుపు కుంకుమలతో పూజించుకుంటారు, చెప్పులతో వాటిమీదకు ఎక్కొద్దు. ముక్కు మూసుకోవద్దు. చేపల వాసన భరించలేనివాళ్లు బస్సులోనే ఉండొచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ పల్లెవాళ్ల ఎదుట నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం చాలా తప్పు.

పన్నెండు మంది చొప్పున విడిపోండి. ఒక జట్టు పడవల దగ్గర, ఒకటి వలలు బాగుచేసే చోట, ఒకటి సముద్రం అంచున ఉన్న రాతి తోరణం దగ్గర. అలలు కోసికోసి రాతిలో చేసిన తోరణం అది. ఆటు సమయంలో దగ్గరకు వెళ్లి చూడొచ్చు. పోటు మీద ఉంటే దూరం నుంచే. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు మరీ ఎక్కువ. పాచిపట్టిన రాళ్లు జారుతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు.

పడవ వచ్చినప్పుడు దారికి అడ్డం లేకుండా పక్కన నిలబడండి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, అదృష్టం బాగుంటే వంజరం. తట్టల్లోకి వేరు చేయడం, ఒడ్డునే వేలంపాట పెట్టడం, ఆడవాళ్లు కొని తలమీద పెట్టుకుని బయల్దేరడం, అంతా పావుగంటలో అయిపోతుంది. మగవాళ్లు పట్టి తెచ్చినదాన్ని డబ్బుగా మార్చేది ఆడవాళ్లే. ఆ బేరం దగ్గర కాసేపు నిలబడితే ఇంటి లెక్క ఎవరి చేతిలో ఉందో అర్థమవుతుంది.

ఒకసారి మా జట్టులో ఒకావిడ వరసగా ఫొటోలు తీస్తుంటే తట్ట ముందు కూర్చున్న పెద్దావిడ తలెత్తి, "ఫొటోలు ఎన్నయినా తియ్యమ్మా, ఓ కిలో కొను, నాకూ బేరం అయినట్టు ఉంటాది" అంది. ఆ రోజు పదకొండు మంది చేపలు కొన్నారు. అప్పటి నుంచి నేను బస్సులో రెండు థర్మోకోల్ పెట్టెలు, ఐసు పెట్టుకుంటున్నాను. కొనాలనుకునేవాళ్లు కొనుక్కుంటారు, బస్సులో వాసన రాదు. బేరం ఆడొచ్చు, కానీ సూపర్ బజారులో అడగని తగ్గింపు ఇక్కడ అడగొద్దని నా మనవి. మాంసాహారం తిననివాళ్లు కూడా ఒడ్డున ఉన్న చిన్న కొట్లలో కొబ్బరిబొండాలు, టీలు తాగొచ్చు. ఊరికి మనం వచ్చినందుకు నాలుగు రూపాయలు మిగలాలి.

వల బాగుచేసే చోట తొందరపడకుండా కూర్చోండి. నేను చూసిన ఒక పెద్దాయన తెగిన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగేవాడు. చిన్న ప్లాస్టిక్ సూదితో దారం తిప్పి, ప్రతి ముడికీ ముందు చూపుడు వేలు పెట్టి వల కన్ను కొలిచేవాడు. స్కేలు లేదు, చూపు కూడా చేతుల మీద లేదు, సముద్రం మీద ఉంది. "కన్ను చిన్నదైతే ఏమవుద్ది తాతా?" అని పిల్లాడొకడు అడిగాడు. "సిన్న పిల్లలు కూడా పడిపోతాయి బాబూ. ఆటిని పట్టేస్తే వచ్చే ఏడు మనకేటుంటాది?" అన్నాడు. వేట నిషేధం గురించి నేను బస్సులో చెప్పిన పది వాక్యాల కన్నా ఆ మాటే వాడికి గుర్తుంది.

ఇలాంటి చోట దీపస్తంభం దగ్గర చెప్పిన కొండల గుర్తుల సంగతి అడగండి. "మీరు ఏ కొండ పెట్టుకుని వెళ్తారు మావయ్యా?" అంటే చాలు, చెయ్యెత్తి చూపిస్తూ చెబుతారు. గైడ్ అక్కడితో నోరు మూసుకుని పక్కకు జరగాలి.

పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచకండి. ఏదైనా ఇవ్వాలని మనసుంటే ఊరి బడి మాస్టార్లను అడిగి, ఏం కావాలో తెలుసుకుని తర్వాత పంపండి.

తిరుగు దారి

రుషికొండలో ఇరవై నిమిషాలు. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది, కాళ్లు కడుక్కోవడానికి వసతులు ఉంటాయి. ఇసుక కాళ్లతో బస్సెక్కితే శుభ్రం చేసేది క్లీనర్ కుర్రాడే, అది అందరికీ గుర్తు చేయండి. ఇక్కడ మళ్లీ నీళ్లలోకి దిగుతామంటారు. వద్దనండి. ఎండ ఎక్కింది, అందరూ అలిసి ఉన్నారు, కాపలా కాసే ఇద్దరూ కూడా అలిసే ఉన్నారు.

ఇక్కడి నుంచి బస్సులో మైకు మీరు తీసుకోకండి, వచ్చినవాళ్లకు ఇవ్వండి. వెనక సీటు నుంచి ముందుకు రానివ్వండి. ఒకాయన చిన్నప్పుడు భీమిలి రేవు గురించి వాళ్ల తాత చెప్పిన మాట చెబుతారు, ఒకావిడ పాట అందుకుంటారు. ఎడమవైపు కూర్చున్నవాళ్లు మాత్రం ఏమీ వినరు, సముద్రం చూస్తూ ఉంటారు. వాళ్లను కదపకండి.

దిగాక డ్రైవర్‌కు, క్లీనర్‌కు అందరి ఎదుట ధన్యవాదాలు చెప్పి లెక్క తేల్చేయండి. మర్చిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాల కోసం సీట్ల కింద ఒకసారి వంగి చూడండి.

వారం లోపల ఇంకో పని ఉంది. పల్లెలో తీసిన ఫొటోల్లో మంచివి పదీ పన్నెండూ కాగితం మీద ప్రింట్ వేయించి, మళ్లీ వెళ్లినప్పుడు ఎవరివి వాళ్లకు ఇవ్వండి. వల కుట్టే ఆ తాతకు నేను ఇచ్చినప్పుడు ఆయన దాన్ని దూరంగా, ఎండకు అడ్డంగా పట్టుకుని చూశాడు. తన ముఖం కన్నా ముందు వల చూశాడు. ఒక ముడి దగ్గర వేలు పెట్టి, ఆ దారం సరిగ్గా పడలేదని, తర్వాత విప్పి మళ్లీ కట్టానని చెప్పాడు.